పరుగులమ్మ కూర్చుంది

"ఈమె కూర్చోగా నేను ఒక్కనాడూ చూడలేదు" అన్నాడు ఆఫీసరు మైకు ముందు నిలబడి.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

అది మా మరదలి పదవీ విరమణ సభ. ఆసుపత్రి మీటింగు హాల్లో పెట్టారు. వేదిక మీద వేసిన కుర్చీలన్నీ పెద్దలకే సరిపోయాయి. ఎవరి కోసం సభ పెట్టారో ఆ మనిషి మాత్రం పూలగుత్తి పట్టుకుని ఓ పక్కగా నిలబడి ఉంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆమె చేతుల్ని పొగిడారు, కాళ్లని పొగిడారు, నడుముని పొగిడారు. గడియారం ఆగినా ఈమె ఆగదన్నారొకరు. పని రాక్షసి అన్నారింకొకరు, అదేదో బిరుదైనట్టు. శరీరంలో తల ఒక్కటే మిగిలిపోయింది. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. గాడిదను మెచ్చుకోవాలన్నా ఇవే మాటలు సరిపోతాయి కదా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడిది ముందు వాటా, నాది వెనక వాటా. మధ్యలో ఒక తలుపు ఉండేది గానీ అది మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ తమ్ముడి దగ్గరే ఉండేది. తమ్ముడి భార్య పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. అక్కడ ఆమెను పరుగులమ్మ అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఆ లాండ్రీ ఆసుపత్రి అడుగున, నేలకి దిగువన ఉండేది. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉండేవి. వాటిలోంచి చూస్తే బయట నడిచేవాళ్ల చెప్పులు కనిపించేవి, మొహాలు కనిపించేవి కావు. ఒక వైపు ఉతికే యంత్రాలు, ఇంకో వైపు గుండ్రంగా తిరుగుతూ ఆరబెట్టే పీపాలు, నడుమ మడతలు పెట్టే పొడుగాటి బల్ల. గోడకి ఒక ఫోను. ఆ చివర గాజు గదిలో సూపర్‌వైజరు, ఆయన కుర్చీ. అంత పెద్ద లాండ్రీలో కుర్చీ అదొక్కటే.

ఫోను మోగుతూనే ఉండేది. ఎముకల వార్డులో దుప్పట్లు లేవు, పిల్లల వార్డులో దిండు గలీబులు లేవు, ఆపరేషన్ గదికి గౌన్లు రాలేదు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకి ముందు, ఇదే అక్కడి పద్ధతి. అరిచిన వార్డుకి ఇంకా ఆవిరి వదలని దుప్పట్లు భుజాన వేసుకుని పరుగులమ్మ మెట్లెక్కేది. లిఫ్టు ఎప్పుడూ రోగులకే చాలదు. ఆమె దిగి వచ్చేలోపు ఇంకో వార్డు అరిచేది. మళ్లీ మెట్లు. అందరూ ఆమెని మెచ్చుకునేవారు. పిలిస్తే పలికే మనిషి అనేవారు. ఎందుకు పిలవాల్సి వస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగే తీరిక ఆమెకీ లేదు.

అలా ఉండగా ముసలి సూపర్‌వైజరు రిటైరై దిగిపోయాడు. ఆ ఉద్యోగం ఆమెకే వస్తుందని లాండ్రీ అంతా అనుకుంది, ఆమె కూడా అనుకుంది. అది మోజు కాదు, అవసరం. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఒక్కో మెట్టూ ఎక్కేటప్పుడు లోపల ఇసుక నలిగినట్టుంటుందని నాతో చెప్పింది. ఆ గాజు గదిలోకి వెళ్లకపోతే, మోకాళ్లు మూలపడిన రోజున ఉద్యోగమూ మూలపడుతుంది. ఇంట్లో తమ్ముడి సంపాదన ఒక్కటే చాలదు.

అప్పటి ఆఫీసరు ఆమెని పిలిపించి, ఎంతో ఆప్యాయంగా, "నీకిస్తే కింద పనెవరు చేస్తారమ్మా? నీలాంటి మనిషి ఇంకోళ్లు దొరకద్దూ" అన్నాడట. సామాన్ల గదిలో గుమస్తాగా ఉన్న తన మనిషిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. లాండ్రీ వాళ్లు అతనికి గాజుబాబు అని పేరు పెట్టారు.

ఆ సాయంత్రం ఆమె చెప్పులు విప్పకుండానే నా గడప మీద కూలబడింది.

"చేతకాలేదు కాబట్టి ఇవ్వలేదంటే దానికో అర్థం ఉంది వదినా. బాగా చేస్తున్నందుకు ఇవ్వలేదట."

ముందు వాటాలో మంచం మీంచి మా అమ్మ అందుకుంది. "బండి లాగే ఎద్దుని తీసుకెళ్లి బండిలో కూర్చోబెడతారుటే ఎవరైనా?"

"నన్ను ఎద్దంటున్నారా అత్తయ్యా?"

"ఎద్దునే అన్నాను. నువ్వెందుకు మీదేసుకుంటావు?"

అప్పుడే స్నానాలగదిలోంచి తమ్ముడి కేక. "సబ్బేదీ?"

ఏడుస్తున్న మనిషి ఏడుపు సగంలో ఆపి, సబ్బు కోసం సందు చివరి కొట్టుకి పరుగెత్తింది. నాకు ఆఫీసరు మీద వచ్చిన కోపం కాస్తా తమ్ముడి మీదకి మళ్లింది. తల మీద నీళ్లు కారుతుంటే తలుపు సందులోంచి చెయ్యి చాపి నిలబడ్డ ఆ మగమహారాజుని ఏమనాలి. నిజానికి ఇంట్లో సబ్బు లేక కాదు. అమ్మ పెట్టెలో, చీరల అడుగున, ఊరంతటికీ సరిపడా నురుగుంది. కొత్త సబ్బు ఇంట్లోకి రావడం ఆలస్యం, అమ్మ దాన్ని మాయం చేసేది. అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. ఆ సందులో మా ఇంటి సబ్బు కేక రోజూ వినిపించే కాకి అరుపులాంటిది.

ఆ తరవాత కొన్నాళ్లకి పరుగులమ్మ మీద మొదటిసారి ఫిర్యాదు వచ్చింది. పని మధ్యలో కూర్చుంటోందని.

నిజమే, కూర్చుంది. ఖాళీ బుట్ట ఒకటి బోర్లించి, మడతల బల్ల చివర దాని మీద కూర్చుంది. ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చుంది. గాజుబాబు గదిలోంచి తల బయటపెట్టాడు.

"ఏంటి, కూర్చున్నావు?"

"చూస్తున్నాను బాబూ."

"చూడ్డానికి ఇదేమన్నా సినిమానా?"

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు చెప్పారు. కూర్చుని ఆలోచిస్తే ఏమవుతుందో చెప్పినట్టు లేరు. చెప్పి ఉంటే బాగుండేది. ఎందుకంటే గాజుబాబు రోజంతా కూర్చునే ఉండేవాడు, అది ఉద్యోగం. ఆమె కాసేపు కూర్చుంటే సోమరితనం. పెద్దవాడు కిటికీలోంచి శూన్యంలోకి చూస్తే ఏదో వ్యూహం పన్నుతున్నాడంటారు. గుడ్డలుతికే ఆడమనిషి చూస్తే పని ఎగ్గొడుతోందంటారు. తీరా ఆమె ఆలోచన ఫలిస్తే దానికి వ్యూహం అన్న మాట దక్కదు, జిత్తులమారి అంటారు. ఈ పేర్లు పెట్టేది ఎవరు అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆమెకి కనబడింది ఇది. అంతకు ముందు ఏడాది ఆసుపత్రి నీలం అంచు దుప్పట్లు కొత్తవి కొంది. ఆ మెట్ల మీదుగా ఆమే మోసుకెళ్లింది. ఇప్పుడు ఉతుక్కి వచ్చే మూటల్లో అన్నీ చిరుగుల పాతవే. అవే వెళ్తున్నాయి, అవే వస్తున్నాయి.

"నీలం అంచువి పైకెక్కినవి మళ్లీ దిగలేదు వదినా. దుప్పట్లు కూడా పైలోకానికి పోతాయా ఏంటి?" అంది నాతో.

ఎక్కడికీ పోలేదు. ప్రతి వార్డులో ఒక బీరువా ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి హెడ్ సిస్టరు నడుముకి ఉంది. అందులో దుప్పట్లు దాస్తారని ఆమెకి తెలియక కాదు. మా ఇంట్లో సబ్బుల సంగతి తెలిసినట్టే తెలుసు. తెలిసిన సంగతిని కూర్చుని చూడ్డం అప్పుడే మొదలైంది.

ఓ సెలవు రోజున అమ్మ తన పెట్టె మీద కూర్చుని దువ్వుకుంటోంది. మరదలు పక్కన చేరింది.

"అత్తయ్యా, సబ్బులెందుకు దాస్తారు?"

"నేనెక్కడ దాచాను?" అంది అమ్మ, పెట్టె మీంచి లేవకుండానే.

"దాస్తే తప్పని కాదు. ఎందుకని అడుగుతున్నా."

"అయిపోతే?"

"కొంటాంగా."

"ఎప్పుడు కొంటారు? అయిపోయాక, వాడు నెత్తిన నీళ్లోడుతూ అరిచాక. ముసలిదాన్ని, నేను అరిస్తే ఎవరు పరుగెడతారు?"

మరదలు మర్నాటి నుంచి కొత్త పని మొదలుపెట్టింది. పాత సబ్బు సగం అరిగేసరికి, ఎవరూ అడక్కుండా, అమ్మ మంచం పక్క కిటికీలో కొత్త సబ్బు పెట్టేది. అమ్మ దాన్నీ పెట్టెలో వేసేది. మరదలు మళ్లీ పెట్టేది. తమ్ముడు, "పిచ్చా నీకు? ఆవిడ దాస్తుంటే నువ్వు అందిస్తావా?" అన్నాడు. ఆమె వారం తిరక్కుండా ఇంకోటి పెట్టింది. కొన్ని వారాలకి అమ్మే విసుక్కుంది. "ఇంక పెట్టకే తల్లీ. చీరలన్నీ సబ్బు కంపు కొడుతున్నాయి" అని, పెట్టె తీసి సబ్బులు ఒళ్లో పోసుకుని వచ్చి వంటింటి గూట్లో పేర్చింది. మా ఇంట్లో సబ్బు కేక ఆగిపోయింది. పొరుగింటావిడ, మీ వాడు స్నానం మానేశాడా అని కూడా అడిగింది.

"దాచేవాళ్లని తిట్టి లాభం లేదు వదినా. వాళ్ల భయమేంటో చూడాలి" అంది మరదలు. ఇంత మాట నేను ఏ లావుపాటి పుస్తకంలో చదివినా కింద గీత గీసుకునేదాన్ని. ఇంట్లో మనిషి అంది కాబట్టి వంకాయ తరుగుతూ విని ఊరుకున్నాను. సభలో నాకొచ్చిన కోపంలో కొంత నా మీద కూడా.

ఇంట్లో సబ్బు చవక. ఆసుపత్రిలో ఆమె చేతిలో మిగులు దుప్పట్లు లేవు. అన్ని వార్డులకీ ఒకేసారి ముందుగా ఇవ్వడం కుదరదు. అందుకని ఒక్క వార్డుని ఎంచుకుంది. అందరికన్నా ఎక్కువ దాచేది కాన్పుల వార్డు. దాని హెడ్ సిస్టరంటే డాక్టర్లు కూడా పక్కకి తప్పుకుని నడిచేవారు. తెల్లవారగానే, లిఫ్టు ఖాళీగా ఉండగా, ఫోను మోగకముందే, ఆ వార్డుకి ఒక తోపుడుబండి నిండా దుప్పట్లు వెళ్లేవి. మిగిలినవాళ్లు అరిచారు. ఆమె ఫోను మోగనిచ్చింది.

అదే కష్టమైన భాగం. పరుగెత్తడం ఆమెకి వచ్చు, పరుగెత్తకుండా ఉండడం రాదు. ఎముకల వార్డులో ఓ ముసలాయన మధ్యాహ్నం దాకా తడి పక్క మీదే ఉన్నాడని తెలిసి, ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "నేను అనుకున్నది తప్పయితే ఆయన ఉసురు నాకు తగులుతుంది" అంది. గాజుబాబు ఆఫీసరుకి రాశాడు, ఈమె మాట వినడం లేదు, వేరే చోటికి మార్చండి అని. ఆఫీసరు పిలిచి, ఇలాగే ఉంటే ఉన్న ఉద్యోగం కూడా ఉండదన్నాడు. ఆమె తల వంచుకుని విని, మర్నాడు పొద్దున్నే బండి కాన్పుల వార్డుకే తోసింది.

చివరికి ఒకనాడు ఆ సిస్టరు నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఏమే పరుగులమ్మా, ఏం మందు పెడుతున్నావు నాకు? అడక్కుండానే తెచ్చి పడేస్తున్నావు."

"అడిగే పని మీకెందుకని సిస్టరమ్మా."

"బీరువాలో చోటు లేదు. ముక్క వాసనొస్తోంది. ఏం చేసుకోను ఇన్ని?"

"నాకిచ్చేయండి, ఉతికి పెడతాను. పొద్దున బండి మాత్రం ఆగదు. ఆగితే నన్ను మెట్ల మీంచి తోసేయండి."

"తోస్తాలే. నీకన్నా లావుపాటి డాక్టర్లనే తోశాను." బీరువా తీసింది. నీలం అంచు దుప్పట్లు మడత విప్పనివి మూటలు మూటలుగా దిగివచ్చాయి. తాళంచెవి కూడా విప్పి ఆమె చేతిలో పెట్టింది. "నీ దగ్గరే ఉంచు. నా దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు, మళ్లీ దాస్తాను."

ఆ దుప్పట్లతో ఎముకల వార్డుకి బండి మొదలైంది. ఎముకల వార్డు బీరువా తెరుచుకున్నాక పిల్లల వార్డుకి. ఒక్కో బీరువాతో ఇంకో వార్డు. తాళంచెవులన్నీ ఆమె కొంగుకి చేరాయి. నడుస్తుంటే గలగలమనేవి. కొత్త కోడలు వచ్చిందని లాండ్రీ వాళ్లు ఆటపట్టించేవారు. మెల్లగా ఫోను మోగడం మానేసింది. భుజాన దుప్పట్లు, మెట్ల మీద పరుగులు పోయి, లిఫ్టు ఖాళీగా ఉండే వేళల్లో పైకెక్కే బండ్లు వచ్చాయి. మోకాళ్లు కాస్త సర్దుకున్నాయి.

లాండ్రీ బాగుపడిందని పేరొచ్చింది. ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు. గాజుబాబుని మెచ్చి ఇంకా పెద్ద కుర్చీకి, పై అంతస్తుకి పంపారు. పోతూ పోతూ అతను ఈమెతో, "నువ్వు మొదట్లో కాస్త మొండికేశావు గానీ తరవాత దారికొచ్చావు" అన్నాడట. అది చెప్పి ఆమె నవ్వుతుంటే నాకు చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాలనిపించింది.

సరే, గాజు గది మళ్లీ ఖాళీ అయింది. ఇప్పుడైనా ఇస్తారనుకున్నాను. ఆఫీసరు ఏమన్నాడో తెలుసా. అసలు ఆ ఉద్యోగమే తీసేద్దాం అన్నాడు. "అక్కడ పనేముంది? ఫోను కూడా మోగట్లేదు. ఏ గొడవా లేని చోట సూపర్‌వైజరెందుకు?"

చూడండి అన్యాయం. ఇల్లు తగలబడుతుంటే బిందెలతో పరుగెత్తినన్నాళ్లూ, నువ్వు లేకపోతే ఎలా అన్నారు. నిప్పు అంటుకోకుండా చేశాక, నువ్వెందుకు అంటున్నారు. గొడవ వచ్చాక తీర్చేవాడు కళ్లకి కనిపిస్తాడు, గొడవ రాకుండా చూసేవాడు కనిపించడు. ఇది ఆ ఆసుపత్రిలోనే ఉన్న జబ్బు కాదు. ఏ ఆఫీసులో చూసినా, ఏ ఇంట్లో చూసినా ఉంది.

నేను కాగితం, కలం తీశాను. "పై వాళ్లకి రాద్దాం. నీ తరఫున నేను రాస్తాను."

"వద్దు వదినా. ఆయన ఇలా అంటాడని ఎప్పుడో అనుకున్నాను."

"ఎప్పుడు?"

"ఫోను మోగడం ఆగిన రోజున. అమ్మయ్య అనుకుని బుట్ట మీద కూర్చున్నాను. వెంటనే భయమేసింది. ఇంక వీళ్లకి నేనెందుకు అని."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"నా మాట ఆఫీసరు వినడు. నేను లేని గదిలో నా గురించి ఎవరు మాట్లాడితే వింటాడో చూడాలి."

మర్నాడు ఆమె పొద్దున బండ్లన్నీ పంపేసి, కొంగున ఉన్న తాళంచెవులు విప్పి, వార్డు వార్డుకీ తిరిగింది. కాన్పుల వార్డు సిస్టరు చేతిలో ఆవిడ తాళంచెవి పెట్టింది.

"ఇదెందుకు నాకు?"

"సూపర్‌వైజరు ఉద్యోగం తీసేస్తున్నారట సిస్టరమ్మా. ఏ బండి ఎప్పుడు ఎటు పోవాలో చెప్పేవాళ్లు ఉండరు. నన్ను మళ్లీ మడతలకీ మెట్లకీ వేస్తారు. నేనున్నన్ని రోజులూ బండి తోస్తాను. కానీ రేపూ ఎల్లుండీ వస్తుందని మాటివ్వలేను. మాటివ్వలేనప్పుడు మీ తాళంచెవి నా దగ్గర ఉండకూడదు."

సిస్టరు ఆ తాళంచెవిని కాసేపు అరచేతిలో ఆడించిందట. "అంటే మళ్లీ నేను దొంగతనానికి దిగాలంటావు" అని, చెప్పులీడ్చుకుంటూ పక్క వార్డుకి నడిచింది. అక్కడి నుంచి ఇంకో వార్డుకి.

ఆ తరవాత జరిగింది ఆఫీసరు గది బయట నిలబడ్డ బంట్రోతు చెప్పాడు. హెడ్ సిస్టర్లందరూ ఒక్కసారే లోపలికి వెళ్లారు. ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరూ తాళంచెవి తీసి ఆయన బల్ల మీద పెట్టారు.

"ఏంటివి?" అన్నాడు ఆఫీసరు.

"మా బీరువా తాళాలు" అంది కాన్పుల వార్డు సిస్టరు. "పరుగులమ్మ దగ్గర ఉండేవి. రేపటి నుంచి మీ దగ్గర ఉంచుకోండి. మాకు దుప్పటి కావాల్సినప్పుడు మీకే ఫోను చేస్తాం. నా గొంతు మీకు తెలుసుగా."

ఆయనకి బీరువాల సంగతి అర్థం కాలేదు. చివరిదాకా అర్థమైందని కూడా నేననుకోను. ఆ గొంతు సంగతి మాత్రం అర్థమైంది. ఆ వారంలోనే పరుగులమ్మకి గాజు గది ఇచ్చారు.

"సిస్టర్లని ఉసిగొల్పావా?" అని నేను నవ్వుతూ అడిగాను.

"లేదు వదినా. వాళ్ల తాళంచెవులు వాళ్లకిచ్చాను. ఉన్నది చెప్పాను. అంతే." మళ్లీ తనే, "కాకపోతే ముందు ఎవరికివ్వాలో ఆలోచించాను" అంది.

మొదటి రోజే ఆమె ఆ కుర్చీని గాజు గదిలోంచి ఈడ్చుకొచ్చి, బండ్లు వెళ్లే గుమ్మం పక్కన వేసింది. దాని పక్కన రెండు బెంచీలు వేయించింది, ఎవరైనా కూర్చోవచ్చని. మోకాళ్లు ఆగకముందే మెట్లు ఆగాయి. ఆ కుర్చీలో కూర్చునే తన ఉద్యోగకాలం పూర్తి చేసింది. పరుగులమ్మ అన్న పేరు మాత్రం మారలేదు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు ఆ పేరు విని, ఈమె జీవితమంతా పరుగెత్తిందనుకున్నారు. ఈ సభలో మైకు ముందున్న ఆయన కూడా వాళ్లలో ఒకడు. ఎన్నడూ కింది అంతస్తుకి దిగినవాడు కాదు.

ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నిరంతర సేవ అంటున్నాడు, చెమట చుక్క అంటున్నాడు. నా పక్కన కాన్పుల వార్డు సిస్టరు కూర్చుని ఉంది. ఆవిడ ఎప్పుడో రిటైరైంది, జుట్టంతా నెరిసింది. "ఈయన్ని మెట్ల మీంచి తోసెయ్యాలనుంది" అంది, నాకొక్కదానికే వినిపించేలా. వరసలో మా ఇద్దరి నడుమ ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

వేదిక మీద మా మరదలు ఒకసారి మోకాలు తడుముకుంది. మైకు వైపు చూసింది, మా వైపు చూసింది. పూలగుత్తి బల్ల మీద పెట్టింది. ఉపన్యాసం నడుస్తుండగానే తాపీగా మెట్లు దిగి వచ్చి, మా నడుమ ఉన్న ఆ కుర్చీలో కూర్చుంది.

"కాళ్లు పీకుతున్నాయి వదినా" అంది. "ఈయన ఇప్పుడప్పుడే ఆపడు."

ఆఫీసరు ఒక్క క్షణం తడబడ్డాడు. అప్పుడు నేను చప్పట్లు కొట్టాను.